వేసినవాడే తియ్యాల్సిన ఎర్ర కార్డు

లిఫ్టు మెకానిక్ ఇంట్లో ఏది చూసినా రెండుంటాయి. వీధి తలుపుకు రెండు గడియలు, వంటింట్లో రెండు పొయ్యిలు, చెప్పుల స్టాండు మీద రెండు టార్చిలైట్లు. తాళంచెవులు రెండు జతలు, రెండో జత పక్కింట్లో. వీధిలో అందరూ ఆయన్ని చాటుగా 'జంటాయన' అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. "తాడు తెగితే ఏది పట్టుకుంటుంది?" అన్నది ఆయన నోట ఎప్పుడూ ఉండే ప్రశ్న. లిఫ్టు ముందు నిలబడి అడగాల్సిన ఆ ప్రశ్నని ఆయన కొత్త స్కూటరు కొన్నవాణ్ణీ అడుగుతాడు, పిల్లని హాస్టల్లో చేర్చబోయేవాణ్ణీ అడుగుతాడు.

"అన్నీ రెండేసి పెట్టుకున్నావు కదా బావా, మరి పెళ్ళాం ఒక్కతేనా?" అని మరదలు ఆటపట్టించేది.

"స్పేరు ఉందిగా, నువ్వు," అనేవాడు.

భార్య చేతిలో గరిటె ఉంటే గరిటె, చీపురుంటే చీపురు, ఇద్దరి మీదకీ విసిరేది. పోయినేడాది ఆమెకు పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఆ జోకు ఇంట్లో ఎవరూ వెయ్యలేదు.

ఆమె ఒక ఆసుపత్రిలో టోకెన్లు ఇచ్చే కౌంటర్లో పనిచేసేది. రోజంతా నోరు నడవాల్సిన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ నోటికి విశ్రాంతి ఉండేది కాదు. అలాంటి మనిషికి కుడిపక్క పడిపోయింది, దాంతోపాటు మాట పోయింది. అన్నీ వింటుంది, అన్నీ అర్థమవుతాయి. నోరు తెరిస్తే మాత్రం 'ఊఁ' అన్న ఒక్క శబ్దమే వస్తుంది. ఆకలికీ అదే, నొప్పికీ అదే, వద్దన్నా అదే. కొన్నాళ్ళు పలక ఇచ్చి ఎడమచేత్తో రాయించాలని చూశారు. గీతలొచ్చాయి తప్ప అక్షరాలు రాలేదు. ఒకరోజు పలకని నేలకేసి కొట్టింది. ఆ తరువాత మనుషుల మొహాలు చూడడం మానేసింది. పలకరించడానికి వచ్చిన బంధువులు కాసేపు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుని లేచిపోయేవారు.

ఆమె చూసేది ఒక్కణ్ణే, అల్లుడుగారిని.

అల్లుడుగారు ఒక చేప. హాల్లో గోడ పొడవునా ఉన్న గాజుతొట్టి అంతా ఆయనదే. ఆస్కార్ జాతి. జానెడు దాటిన ఒళ్ళు, నల్లటి పొలుసుల మీద నిప్పుకణికల్లాంటి మచ్చలు, ఎవరి మాటా లెక్కచెయ్యని మొహం. వేలెడంత ఉన్నప్పుడు తెచ్చుకున్నారు. ఆ జాతికి పౌరుషం ఎక్కువ. నీళ్ళు మార్చినా, తొట్టిలో రాయి జరిపినా, మేత ఆలస్యమైనా, అడుగున ఒక మూలకు పోయి చచ్చినట్టు పక్కకి ఒరిగి పడుకుంటుంది. మొదటిసారి అది చూసి ఆమె కంగారుపడి చేపల దుకాణానికి ఫోన్ చేసింది. "అలిగిందమ్మా, ఏం కాదు. కాస్త బతిమాలండి," అన్నాడు దుకాణంవాడు. ఆ దంపతులకు పిల్లల్లేరు. "కూతురు లేకపోతేనేం, అల్లుడొచ్చాడు చూడండి," అని ఆమె పడిపడి నవ్వింది. ఆ పేరే ఖాయమైంది.

ఒకసారి పెళ్ళికని ఊరెళ్ళి వచ్చేసరికి, తొట్టిలో హీటరు ఆగాల్సిన చోట ఆగక నీళ్ళు కాగిపోయి ఉన్నాయి. అప్పట్లో ఉన్న చిన్న చేపలన్నీ తేలిపోయాయి. అల్లుడుగారొక్కడే మొప్పలు ఎగరేస్తూ మిగిలాడు. మెకానిక్ ఆ పూట అన్నం తినలేదు. చేపలు పోయినందుకు బాధ ఉంది. కానీ తన ఇంట్లో, తన కళ్ళముందు, అన్ని ప్రాణాలు ఒకే ఒక్క హీటరు మీద ఆధారపడి ఉన్నాయన్నది ఆయనకు తలవంపుగా తోచింది.

ఆ తరువాత సెలవులన్నీ తొట్టికే పోయాయి. పెద్ద హీటరు బదులు చిన్నవి రెండు పెట్టాడు. ఒకటి ఆగకపోయినా నీళ్ళు కాగవు, ఒకటి చచ్చినా చల్లబడవు. రెండింటి మీదా పెత్తనానికి విడిగా ఒక కంట్రోలరు. ఫిల్టర్లు రెండు. కరెంటు పోగానే బ్యాటరీకి మారిపోయే గాలిపంపు. నీళ్ళు ఆవిరై తగ్గితే డ్రమ్ములోంచి తెచ్చి నింపే పంపు, అది ఆగకపోతే ఆపడానికి పైన తేలే స్విచ్చి. నేల మీద తడి తగిలితే కూసే బిళ్ళ. వీటిలో ఏది తేడా చేసినా, మళ్ళీ సర్దుకున్నా ఆయన ఫోనుకు మెసేజి పంపే పెట్టె. ఆ మెసేజి వస్తే బిల్డింగు సెక్రటరీతో మాట్లాడుతున్నా సరే, "మా అల్లుడికి కాస్త వేడి చేసిందండీ," అని లేచి వచ్చేసేవాడు.

"అల్లుడికి ఇన్ని మర్యాదలా! నా కోసం ఒక్క బ్యాటరీ బిగించావా ఎప్పుడైనా?" అనేది భార్య, మాట ఉన్న రోజుల్లో.

ఇన్నింటికీ కలిపి స్విచ్చి మాత్రం ఒక్కటే. ఆ ఇంట్లో జంట లేని వస్తువు అదొక్కటే, దానికో కారణం ఉంది. లిఫ్టులో కరెంటు పోతే మనుషుల్ని దగ్గరి అంతస్తుకు చేర్చడానికి విడిగా ఒక బ్యాటరీ ఉంటుంది. మెయిన్ ఆపేసి, ఆ బ్యాటరీ సంగతి మరిచి చెయ్యి లోపల పెట్టిన తోటి మెకానిక్ వేళ్ళు నలిగిపోవడం ఆయన పక్కనే ఉండి చూశాడు. అప్పట్నుంచి ఆపడమంటే ఆయన లెక్కలో అన్నీ ఆపడమే. కూల్చేస్తున్న ఒక పాత భవనం లిఫ్టు మిషన్ రూములోంచి పెద్ద పిడి స్విచ్చి ఒకటి తెచ్చి, తొట్టి పక్క గోడకి తన భుజం ఎత్తున బిగించాడు. అది తిప్పితే హీటర్లు, ఫిల్టర్లు, పంపులు, బ్యాటరీ, మెసేజి పెట్టె, అన్నీ ఒక్కసారే చస్తాయి. పొరపాటున ఎవరి చెయ్యో తగిలి తిరగకూడదని దానికి ఇంకో స్ప్రింగు కూడా వేసి బిగువు చేశాడు.

పిడి తిప్పాక దానికి ఒక ఎర్ర కార్డు తగిలిస్తాడు. లిఫ్టు పనిలో వాడేదే: 'మనిషి పనిలో ఉన్నాడు. ముట్టుకోవద్దు.' దాన్ని వేసినవాడే తియ్యాలి. పైవాడు చెప్పినా, బిల్డింగు ఓనరు వచ్చి మొత్తుకున్నా, ఇంకొకరు తియ్యకూడదు. తీస్తే లోపల ఉన్నవాడి ప్రాణం పోవచ్చు. ఇంట్లోనూ అదే రూలు. ఒకసారి మరదలు దుమ్ము దులుపుతూ కార్డు తీసి పక్కన పెట్టింది. ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఆ రోజు అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. మరదలు కొన్నాళ్ళు ఆ గడప తొక్కలేదు.

"మా అమ్మ నగల పెట్టెకి కూడా ఇంత కాపలా లేదు బావా," అంది తిరిగొచ్చాక. ఆ తరువాత ఆ కార్డు ఉన్న వైపుకు దుమ్ముగుడ్డ కూడా తీసుకెళ్ళలేదు.

మరదలు కుట్టుపని చేసుకుని బతుకుతుంది. భర్త లేడు. అక్క పడిపోయినప్పట్నుంచి పొద్దున్నే జాకెట్ల మూటతో ఇక్కడికి వచ్చేసి, బావ పని నుంచి తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర కూర్చుని కుడుతూ అక్కని కనిపెట్టుకుని ఉంటుంది.

వ్యాయామాలు చేయించడానికి ఒక ఫిజియో అమ్మాయి వచ్చేది. భార్య ఆ అమ్మాయికీ సహకరించలేదు. చెయ్యి ఎత్తమంటే గోడకేసి చూసేది. కొన్నాళ్ళకు ఆ అమ్మాయి ఒకటి గమనించింది. ఆమె ఎడమ చూపుడువేలు గాజు మీద పెడితే అల్లుడుగారు వచ్చి, వేలు ఎటు పోతే అటు తిరుగుతున్నాడు.

"ఆంటీ నా కోసం చెయ్యరు. ఆయన కోసం చేస్తారు. కుర్చీ తొట్టి దగ్గరికి జరపండి," అంది.

మేత గుళికలు కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టి, మోచేతి కింద ఆసరా ఇచ్చి, తొట్టి అంచుదాకా చెయ్యి లేపించేది. గుళికలన్నీ ఒళ్ళో పడేవి, నేల మీద దొర్లేవి. నెలలు గడిచాయి. ఒకరోజు ఒక్క గుళిక నీళ్ళలో పడింది. అల్లుడుగారు ఎగిరి అందుకున్నాడు. ఆమె మొహం మీద నీళ్ళు చిందాయి. నవ్వింది, మొహంలో కదిలే సగంతో. మెకానిక్ వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఏ గిన్నే కడక్కుండా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

నిలబెట్టడానికి మాత్రం ఇంకా ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చేది. "కాళ్ళలో సత్తువ ఉంది. లేవాలన్న పట్టుదలే రావాలి," అంది ఫిజియో అమ్మాయి. "ఆంటీ ఎవరూ పట్టుకోకుండా లేచిన రోజున, ఏ వేళైనా సరే నాకు ఫోన్ చెయ్యండి. అక్కడ్నుంచి మిగతాదంతా దానంతటదే వస్తుంది."

ఆ ఇల్లంతా ఆ ఫోన్ చెయ్యడం కోసమే బతికింది.

ఎండలు మండిపోతున్న రోజుల్లో ఒక సెలవునాడు మెకానిక్ తొట్టి శుభ్రం చెయ్యడానికి పూనుకున్నాడు. పిడి తిప్పాడు. కార్డు తగిలించాడు. గొట్టం పెట్టి సగానికి పైగా నీళ్ళు తోడేశాడు. కొత్త నీళ్ళు డ్రమ్ములో సిద్ధంగా ఉన్నాయి. అల్లుడుగారు అలవాటు ప్రకారం మూలకు పోయి ఒరిగాడు. అంతలో ఫోన్ మోగింది. ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఇరుక్కుంది. లోపల మనుషులున్నారు, ఒకాయనకి ఊపిరాడడం లేదట. దగ్గరలో ఉన్న మెకానిక్ ఈయనే.

"తొట్టో?" అంది మరదలు.

"ఇప్పుడే వచ్చేస్తా. నువ్వేం ముట్టుకోకు."

"నేనెందుకు ముట్టుకుంటాను నాయనా, నాకు బతకాలని లేదా?"

తడి చేతులు తువ్వాలుకు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు పిడి తిప్పడమా వద్దా అని ఒక్క క్షణం ఆగిన మాట నిజం. సగం నీళ్ళలో ఫిల్టర్లు నడిస్తే కాలిపోతాయి, హీటర్లు గాలికి వేడెక్కి పగులుతాయి. గాలిపంపు ఒక్కదాన్నే వేద్దామంటే వీలు లేదు, అన్నీ ఒకే పిడి కింద ఉన్నాయి. ఆయనే పెట్టాడు అలా.

ఆ భవనంలో పని ఎంతకీ తెమల్లేదు. మనుషుల్ని బయటికి లాగాక లిఫ్టు బ్రేకు అరిగిపోయిందని తేలింది. అక్కడా మెయిన్ ఆపి, అక్కడా ఒక ఎర్ర కార్డు వేసి, ఫోను పనిముట్ల సంచిలో వదిలి లిఫ్టు కింది గుంటలోకి దిగాడు. మధ్యలో పైకొచ్చినప్పుడల్లా ఫోను చూసుకున్నాడు. మెసేజి ఏమీ లేదు. లేదంటే అంతా బాగున్నట్టేనని మళ్ళీ దిగాడు. మెసేజి పంపే పెట్టెని తన చేత్తోనే ఆపి వచ్చాడన్నది ఆయనకు తట్టలేదు.

ఇక్కడ హాలు పొయ్యిలా కాగుతోంది. అల్లుడుగారు మూలలోంచి లేచి పైకొచ్చి, నీటి అంచున నోరు తెరిచి మూస్తూ నిలబడ్డాడు. మరదలు అప్పుడు ఉతికిన బట్టలు ఆరెయ్యడానికి మేడ మీదికి వెళ్ళింది.

ఆమె కిందికి వచ్చేసరికి అక్క కుర్చీలో లేదు. తొట్టి పక్కన గోడకి భుజం ఆనించి నిలబడి ఉంది. మోకాళ్ళు వణుకుతున్నాయి. కుడి గుప్పిట్లో ఎర్ర కార్డు, ఎడమచెయ్యి పిడి మీద. ఒళ్ళంతా చెమట.

"అయ్యయ్యో అక్కా, పడతావు!"

పరుగున పోయి నడుం పట్టుకుని, ఈడ్చినంత పని చేసి కుర్చీలో కూలేసింది. "నడుం విరిగితే ఏం చేస్తానే నేను? బావొచ్చి నా డొక్క చీలుస్తాడు. ఆ కార్డెందుకు తీశావు తల్లీ, నీకు తెలీదా దాని సంగతి? ఇలా ఇయ్యి."

అక్క ఇవ్వలేదు. ఎన్నో నెలలుగా గుళిక కూడా సరిగా నిలవని ఆ కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటే విడదీసి లాక్కోవాల్సి వచ్చింది. తీసుకెళ్ళి కార్డు మళ్ళీ పిడికి తగిలించింది.

'ఊఁ' అంది అక్క. తొట్టి వైపు చెయ్యి చూపించింది. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా.

మరదలు చూసింది. అల్లుడుగారు కిందికి దిగిపోయి మూలలో పక్కకి ఒరిగి ఉన్నాడు. "చూశాలే. అలిగాడు నీ అల్లుడు. ఆయన మామగారొచ్చి బతిమాలుకుంటారు. నువ్వు కదలకు."

మళ్ళీ లేస్తుందేమోనన్న భయంతో ఒక దుప్పటి మడతపెట్టి అక్క నడుం చుట్టూ తిప్పి కుర్చీకి కట్టేసింది. మంచినీళ్ళిస్తే అక్క గ్లాసు తోసేసింది. ఆ 'ఊఁ' చాలాసేపు వినిపించింది. తరువాత ఆగింది. నిద్రపట్టిందనుకుని మరదలు స్థిమితపడి జాకెట్లకు హుక్కులు కుట్టుకుంది.

పొద్దువాలుతుండగా మెకానిక్ వచ్చాడు. గుమ్మంలోంచే ఆయన చూపు కార్డు మీద పడింది. రాత గోడవైపుకి తిరిగి ఉంది. ఆయన అలా ఎప్పుడూ తగిలించడు.

"కార్డెవరు ముట్టుకున్నారు?"

"నా మీద పడకు బాబూ, నేను కాదు. తీసింది నీ పెళ్ళాం. నేను చూసి మళ్ళీ పెట్టేశాను కాబట్టి సరిపోయింది."

"ఎవరు తీశారు?"

"అక్కేనయ్యా. నేను మేడ మీదుంటే లేచి వెళ్ళి..."

మాట అక్కడ ఆగిపోయింది. తను ఏం చెబుతోందో మరదలికి అప్పుడు వినిపించింది.

మెకానిక్ తొట్టి దగ్గరికి వెళ్ళాడు. చొక్కా చెయ్యి మడవకుండానే నీళ్ళలో పెట్టి అల్లుడుగారిని పైకి లేపాడు. వదిలితే మళ్ళీ అలాగే ఒరిగాడు. మొప్పల్లో కదలిక లేదు. ఆ తరువాత భార్య వైపు తిరిగాడు, నడుం దగ్గర ముడి చూశాడు. విప్పాడు. ఆమె ఎడమ అరచేతిలో చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. ఆ పిడికి ఇంకో స్ప్రింగు వేసి బిగువు చేసిన చేతులతోనే ఆ అరచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వు చెప్పిందే కదా బావా చేశాను," అంది మరదలు ఏడుస్తూ. "ఆ రోజు అరిచావు కదా. ఆ అరుపు చెవిలో ఉండే మళ్ళీ తగిలించాను. నాకేం తెలుసు?"

"నీ తప్పేం లేదు."

"తప్పు లేదని అనకు. తిట్టు. నాలుగు తిట్టు."

ఆయన తిట్టలేదు. మరదలు చాలాకాలం దానికే ఏడ్చింది.

మరునాడు ఫిజియో అమ్మాయి వచ్చాక సంగతి చెప్పారు. "నిలబడ్డారా? ఎవరూ పట్టుకోకుండానే? కార్డు కుడిచేత్తో పట్టుకున్నారా! ఆంటీ!" అని చప్పట్లు కొట్టబోయి, ముగ్గురి మొహాలూ చూసి చేతులు దించుకుంది.

మెకానిక్ పిడి పీకేసి, వేలితో నొక్కే స్విచ్చిలు పెట్టాడు, కుర్చీలోంచి అందే ఎత్తులో, గాలిపంపుకు వేరే, మెసేజి పెట్టెకు వేరే. కుర్చీ చేతికి ఒక బటన్ బిగించాడు. నొక్కితే ఆయన ఫోను మోగుతుంది. అది బిగిస్తున్నప్పుడు ఆయన చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఏ లిఫ్టులోనైనా లోపల ఇరుక్కున్నవాడు నొక్కడానికి ఒక గంట ఉంటుంది. అది పనిచెయ్యకపోతే లిఫ్టు నడవనివ్వడు ఆయన. చేప కోసం అన్ని గంటలు పెట్టిన ఇంట్లో ఈమెకు ఒకటి పెట్టాలని ఒక్కరోజు కూడా అనిపించలేదు.

ఆ బటన్ని ఆమె ఎప్పుడూ నొక్కలేదు.

ఇంకో ఆస్కార్ పిల్లని తెచ్చి వేశారు. మేత గుళికలు వేళ్ళ మధ్య పెడితే వేళ్ళు విడిపోయేవి. కుర్చీ తొట్టి వైపు తిప్పితే మొహం కిటికీ వైపు తిరిగేది. "కొత్తల్లుడికి పాతాయన పొగరు లేదు బావా," అని మరదలు ఒకసారి ప్రయత్నించింది. ఎవరూ నవ్వకపోతే సూది వంక చూసుకుంది. ఫిజియో అమ్మాయి రావడం తగ్గించింది. చివరిసారి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర, "లేవగలరంకుల్. అదే నా బాధ. లేవగలరు," అంది.

ఆ మాట ఆయన్ని కుదురుగా ఉండనివ్వలేదు. ఒక సెలవునాడు తొట్టిలో నీళ్ళు సగం తోడేశాడు. స్విచ్చిలన్నీ ఆపాడు. కుర్చీ కాస్త వెనక్కి జరిపి, ఎర్ర కార్డు తీసుకొచ్చి స్విచ్చిల మీద, కూర్చున్నచోటు నుంచి కాస్త లేస్తే చాలు అందేలా తగిలించాడు. "పని మీద వెళ్ళొస్తా," అని చెప్పి, వీధి తలుపు వేసిన చప్పుడు చేసి, చెప్పులు చేత్తో పట్టుకుని వంటింటి తలుపు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. మరదలు అప్పటికే అక్కడ ఉంది. ఇద్దరూ అనుకుని చేసిన పనే.

చాలాసేపు ఏమీ జరగలేదు. గది వేడెక్కింది. చివరికి ఆ చిన్న చేప పైకొచ్చి నోరు తెరిచింది.

"ఇప్పుడు లేస్తుంది చూడు బావా," అంది మరదలు గుసగుసగా.

ఆమె చేపని చూసింది. ఇన్నాళ్ళ తరువాత మొదటిసారి చూసింది. తరువాత కార్డుని చూసింది. ఎడమచెయ్యి కదిలింది. మరదలు మెకానిక్ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి మెల్లగా జరిగి, ఒళ్ళో పడివున్న కుడిచేతిని పట్టుకుని, పొట్ట దగ్గరికి లాక్కుని, దాని మీద ఉండిపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది.

వాళ్ళు ఇంకా ఎదురుచూశారు.

"చచ్చిపోతుంది బావా అది," అంది మరదలు.

మెకానిక్ బయటికొచ్చి కార్డు తీసి, తొట్టి నింపి, స్విచ్చిలన్నీ వేశాడు. గాలిపంపు బుడగలు మొదలయ్యాయి. జేబులో ఫోను కూసింది, తొట్టిలో అన్నీ సవ్యంగా నడుస్తున్నాయని.